మీ వ్యాపారం నలుగురికీ మేలు చేయాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత

మార్చి నెల రాగానే హైదరాబాద్ బజార్లలో దుకాణాల ముందు చలివేంద్రాలు వెలుస్తాయి. తడిగుడ్డ చుట్టిన కుండలు, పక్కన స్టీలు గ్లాసులు, దారిన పోయే ఎవరికైనా చల్లటి నీళ్లు. మన వర్తకులకు దానగుణం కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే చలివేంద్రం పెట్టిన దుకాణంలోనే పది గంటలపాటు నిలబడి చీరలు మడతపెట్టే అమ్మాయికి కూర్చోవడానికి ఒక స్టూలు లేకపోవడం కూడా నేను చూశాను. బయటివారికి మేలు చేయాలన్న కోరిక నిజమైనదే అయినా, ఆ మేలు మొదలుకావలసిన చోటు గల్లాపెట్టె వెనుకే ఉందన్న సంగతి మనం తరచుగా మరచిపోతుంటాము.

చర్లపల్లిలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ను ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్నవాడిగా ఈ వ్యాసం రాస్తున్నాను. మందుల కంపెనీలకు, బిస్కెట్ల కంపెనీలకు, మిఠాయి దుకాణాలకు మేము పెట్టెలు సరఫరా చేస్తాము. పెద్ద కంపెనీలకు సరకు అమ్మేవాడిగా, చిన్నవారి దగ్గర సరకు కొనేవాడిగా, నలభై మందికి జీతాలిచ్చేవాడిగా నేను నేర్చుకున్న వరుసను మీ ముందు ఉంచుతున్నాను. మీకు చిన్న హోటల్ ఉన్నా, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్నా, నిర్మాణ సంస్థ ఉన్నా ఈ వరుస పనికివస్తుందని నా నమ్మకం. ఈ వరుసలో విరాళం చాలా ఆలస్యంగా వస్తుంది.

మొదటి పని: ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి

ఒక ఆదివారం ఉదయం తీరిగ్గా కూర్చుని, మీ వ్యాపారం మీద ఆధారపడి ఎవరెవరు బతుకుతున్నారో, మీ వ్యాపారం వల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతోందో ఒక కాగితం మీద రాయండి. నెలజీతం మీద ఉన్నవారితో ఆపకండి. కాంట్రాక్టరు పంపే హమాలీలు, వాచ్‌మన్, మరుగుదొడ్లు కడిగే ఆమె, సరకు మోసే ట్రాలీ ఆటో డ్రైవరు, మీరు పారేసిన చెత్తను ఏరుకునేవారు, మీ జనరేటర్ చప్పుడు వినే పక్కింటివారు, మీ మురుగునీరు వెళ్లే కాలువ పక్కన ఉండేవారు, అందరూ ఆ కాగితం మీదికి రావాలి. నేను ఈ జాబితా రాసినప్పుడు మా దగ్గర పనిచేస్తున్న వారిలో ఏడుగురి పేర్లు నాకు తెలియవని తేలింది. వాళ్లందరూ కాంట్రాక్టరు మనుషులు. మిగతా పనులన్నీ నాకు ఆ కాగితం నుంచే పుట్టుకొచ్చాయి.

రెండో పని: జీతం, బీమా, ప్రాణభద్రత

జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ చట్టప్రకారం అందవలసినది అందుతోందో లేదో ముందుగా సరిచూడండి. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఉద్యోగుల ఆరోగ్య బీమా (ఈఎస్ఐ), 20 మంది లేదా అంతకు మించి ఉన్న చోట భవిష్యనిధి (పీఎఫ్) వర్తిస్తాయి. నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్న ఉద్యోగి ఈఎస్ఐ పరిధిలోకి వస్తాడు. అతని జీతంలోంచి 0.75 శాతం, మీ వైపు నుంచి 3.25 శాతం చెల్లించాలి. ఆ కొద్దిపాటి మొత్తం కడితే ఆ కుటుంబానికి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి వంటి చోట పెద్ద వైద్యం కూడా అందుతుంది. కాంట్రాక్టరు మనుషుల సంగతి కాంట్రాక్టరే చూసుకుంటాడని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అతను చెల్లించకపోతే ఆ బాధ్యత అసలు యజమానిగా మీ మీదికే వస్తుంది. అందువల్ల ప్రతి నెలా కాంట్రాక్టరు బిల్లు చెల్లించే ముందు, గత నెల ఈఎస్ఐ, పీఎఫ్ చలాన్లను, వాటిలో ఉన్న పేర్లను అడిగి తీసుకోవడం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటు వల్ల మా యూనిట్‌లో పనిచేసే హమాలీ ఒకరి భార్య ప్రసవం అప్పు చేయకుండా జరిగింది. ఏ సేవా కార్యక్రమమూ నాకు అంత తృప్తినివ్వలేదు.

ప్రాణభద్రత గురించి మరింత గట్టిగా చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. మీ యంత్రాల పక్కన పనిచేసే మనిషికి అర్థమయ్యే భాషలో హెచ్చరిక బోర్డు ఉందా? అతనికి హిందీ, ఒడియా, బెంగాలీ వచ్చి తెలుగు రాకపోతే మీరు తెలుగులో, ఇంగ్లీషులో రాసిన బోర్డు గోడకు అలంకారం మాత్రమే. అత్యవసర ద్వారం ముందు సరకు పేర్చి ఉందా? ఈ రోజు ఈ వ్యాసం చదవడం ఆపి, వెళ్లి చూసి, ఆ సరకును తొలగించి రండి.

మహిళలు పనిచేసే చోట ఇంకొన్ని ఏర్పాట్లు ఉండాలి. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థ, లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం, సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షతన, సగం మందికి తక్కువ కాకుండా మహిళలతో, బయటి సభ్యురాలు లేదా సభ్యుడు ఒకరితో అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. బయటి సభ్యుల స్థానంలో మీ బంధువులను కూర్చోబెట్టవద్దు. 50 మంది లేదా అంతకు మించి ఉన్న చోట పిల్లల సంరక్షణ గది కూడా ఉండాలి. అంతమంది లేని యూనిట్లు నాలుగైదు కలిసి పారిశ్రామికవాడలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక ఆయాను పెట్టుకోవచ్చు. చట్టం అడగకపోయినా చేయదగిన పని ఇది.

మూడో పని: చిన్నవారి బాకీ గడువులోపు తీర్చండి

ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువ, కారణం అనుభవమే. ఒక పెద్ద కంపెనీకి మేము పెట్టెలు సరఫరా చేసిన రోజుల్లో, 60 రోజులని ఒప్పుకున్న బిల్లు 140 రోజులకు వచ్చింది. ఆ మధ్యకాలంలో కాగితం రీళ్లకు, కరెంటు బిల్లుకు, జీతాలకు నేను అప్పు తెచ్చాను, ఒక నెల మా ఇంటి బంగారం కుదువ పెట్టాను. అదే నెలలో ఆ కంపెనీ వారు మొక్కలు నాటే కార్యక్రమానికి నన్ను ఆహ్వానించారు, నేను వెళ్లి మొక్క నాటి వచ్చాను. ఆ మొక్కల మీద నాకు కోపం లేదు. కానీ ఆ కార్యక్రమానికి పెట్టిన ఖర్చుకు ఎన్నో రెట్ల మేలు, మాలాంటి సరఫరాదారులకు ఇవ్వవలసిన డబ్బు వేళకు ఇస్తే జరిగేది.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006 ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సరకు గాని సేవ గాని తీసుకున్నవారు, లిఖిత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టి ఇవ్వాలి. అంతేకాక 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. వార్షిక టర్నోవర్ రూ.250 కోట్లు దాటిన కంపెనీలు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికల్లో నమోదు కావాలన్న నిబంధన కూడా వచ్చింది. ఆ వేదికలో కొనుగోలుదారు బిల్లును అంగీకరిస్తే, బ్యాంకులు పోటీపడి తక్కువ వడ్డీకి సరఫరాదారుకు ముందే డబ్బు ఇస్తాయి.

మీరు చేయవలసినది ఇది. మీ ఆడిటర్‌ను పిలిచి సరఫరాదారుల పట్టిక తయారు చేయించండి. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు సంఖ్యను ప్రతి ఒక్కరినీ అడగండి, నమోదు లేని చిన్నవారికి మీ అకౌంటెంటు చేత ఉచితంగా చేయించండి. తర్వాత బాకీలను రోజుల వారీగా విడదీసి, 30 రోజులు దాటినవి ప్రతి సోమవారం మీ బల్ల మీదికి వచ్చేలా ఏర్పాటు చేయండి. కూరగాయలు వేసే రైతు, టీ సరఫరా చేసే వ్యక్తి, చిన్న వెల్డర్, సొంత వాహనం ఉన్న డ్రైవర్ వంటివారికి 45 రోజుల లెక్క వర్తింపజేయకండి, వారం లోపే ఇచ్చేయండి. వాళ్లు మిమ్మల్ని గట్టిగా అడగలేరు, అడిగితే ఆర్డరు పోతుందన్న భయం వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాలుగో పని: మీరు కొనే సరకు ఎక్కడ తయారవుతోందో వెళ్లి చూడండి

లాడ్ బజార్ గాజుల అందం వెనుక, పాతబస్తీలోని చీకటి గదుల్లో ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన పిల్లలు లక్క మీద రాళ్లు అతికించడం, పోలీసులు, కార్మికశాఖ వారు దాడులు చేసి వారిని విడిపించడం నగరానికి తెలిసిన విషయమే. నగరం చుట్టూ ఉన్న ఇటుక బట్టీల్లో పశ్చిమ ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబాలు, ఆ అడ్వాన్సు తీరేదాకా కదలలేని స్థితిలో పనిచేస్తుంటాయి. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేసే ఈ వెట్టిచాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసింది. 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని, 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016 సవరణ చెబుతోంది. మీరు బహుమతులుగా గాజులు కొంటున్నా, భవనం కోసం ఇటుకలు కొంటున్నా, తయారయ్యే చోటికి ఒకసారి చెప్పకుండా వెళ్లి రండి. పిల్లలు కనిపిస్తే ఆర్డరు రద్దు చేసుకుని చేతులు దులుపుకోవడం సరిపోదు, ఎందుకంటే ఆ పిల్లవాడు మరుసటి వారం మరో గదిలో కూర్చుంటాడు. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేలమంది పిల్లలను పని మాన్పించి బడిలో చేర్పించిన ఎం.వి. ఫౌండేషన్ కృషి, దానికి నేతృత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో వచ్చిన మెగసెసే పురస్కారం మన కళ్లముందు ఉన్నాయి. పేద పిల్లలు పనికే పోవాలన్న మాట అబద్ధమని ఆ కృషి చూపించింది.

కొనుగోలుతో మేలు కూడా చేయవచ్చు. పండుగ కానుకలకు ప్లాస్టిక్ సామాను బదులు పోచంపల్లి, నారాయణపేట నేతవస్త్రాలు, పెంబర్తి ఇత్తడి సామాను కొనండి. అయితే దీపావళికి పది రోజుల ముందు ఆర్డరిచ్చి తొందరపెట్టకండి, మగ్గానికి ఆ వేగం ఉండదు. ఉగాది నాటికే చెప్పి, సగం సొమ్ము ముందుగా ఇవ్వండి. ఆఫీసు క్యాంటీన్‌ను మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించవచ్చు.

ఐదో పని: మీ కాలువ ఎటు పోతోంది?

పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరిన చరిత్ర హైదరాబాద్ వ్యాపారులందరూ చదవవలసినది. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన ఆ కాలుష్యం కేసు దశాబ్దాలపాటు నడిచింది. అక్కడ సుమారు 90 మందుల పరిశ్రమల నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. రోగుల రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. ఆ తర్వాత ఉచిత వైద్యశిబిరాలు ఎన్ని పెట్టినా ఆ నష్టం పూడదు.

అందువల్ల మీ ప్రాంగణంలోని ప్రతి నీటి గొట్టం ఎక్కడికి వెళుతోందో ప్లంబరుతో కలిసి నడిచి చూడండి. వానాకాలపు నీటి కాలువలోకి మురుగు కలుస్తుంటే వెంటనే విడదీయించండి. అన్నిటికంటే ముఖ్యంగా, సెప్టిక్ ట్యాంకులోకి గాని మ్యాన్‌హోల్‌లోకి గాని మనిషిని దింపవద్దు, దింపే కాంట్రాక్టరును పిలవవద్దు. తగిన రక్షణ లేకుండా మనిషిని అలా దింపడాన్ని 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం నేరంగా చేసింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇటువంటి మరణాలకు పరిహారాన్ని రూ.30 లక్షలకు పెంచింది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి వెళ్లగలిగే చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టి, వాటిని దళిత పారిశ్రామికవేత్తల చేతికి అప్పగించింది. ఆ ఏర్పాటులో మనిషి ప్రాణం నిలుస్తుంది, ఒకరికి సొంత వ్యాపారం ఏర్పడుతుంది, నగరం పనీ జరుగుతుంది. వ్యాపారం సమాజానికి మేలు చేయడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

పొడిచెత్త విషయం కొద్ది మాటల్లో చెప్పవచ్చు. అట్టలు, ప్లాస్టిక్, కాగితం తడిచెత్తతో కలవకుండా విడిగా పెట్టి, ఏరుకునేవారికి శుభ్రంగా అందించండి. తడిసిన అట్టకు కబాడీ దుకాణంలో వచ్చే ధర పొడి అట్ట ధర కంటే చాలా తక్కువ. ఆ తేడా నేరుగా ఏరుకునేవారి అన్నంలోంచి పోతుంది.

ఆరో పని: సీఎస్ఆర్ చట్టం మీకు వర్తిస్తుందో లేదో తెలుసుకోండి

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, గడచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటైనా చేరిన లేదా దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. ఈ నిబంధన 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. లెక్క ప్రకారం ఖర్చు చేయవలసిన మొత్తం రూ.50 లక్షలు దాటకపోతే ప్రత్యేక కమిటీ అవసరం లేదు, డైరెక్టర్ల బోర్డే ఆ పని చూడవచ్చు. సొంత ఉద్యోగుల కోసం చేసే ఖర్చు, ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళం ఈ లెక్కలోకి రావు. పరిపాలన ఖర్చులు 5 శాతం మించకూడదు. కొనసాగుతున్న పథకానికి కేటాయించి ఖర్చు కాని డబ్బును, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోగా ప్రత్యేక ఖాతాలోకి మార్చి, మూడేళ్లలో వెచ్చించాలి.

చట్టం వర్తించని చిన్న వ్యాపారులు లాభంలో ఒక శాతమో అర శాతమో తామే నిర్ణయించుకుని వేరే ఖాతాలో వేసుకుంటే మంచిది. ఏటా మార్చి నెలాఖరున తొందరపడి చెక్కు రాసే అలవాటు, పెద్ద కంపెనీల్లోనూ చిన్న వ్యాపారాల్లోనూ మంచి పనులను పాడుచేస్తోంది.

ఏడో పని: మీకు చేతనైన పనిని ఒక్కదాన్ని ఎంచుకోండి

ఇప్పుడు బయటికి చూడవచ్చు. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా యూనిట్‌కు దగ్గరలోని ఒక ప్రభుత్వ పాఠశాలకు నీటిశుద్ధి యంత్రం కొనిచ్చాము, రిబ్బన్ కత్తిరించాము, ఫోటోలు దిగాము. మరుసటి ఏడాది వెళ్లేసరికి ఫిల్టరు మూసుకుపోయి యంత్రం మూలన పడి ఉంది, పిల్లలు ఎప్పటిలాగే బోరు కుళాయి దగ్గర నోరు పెట్టి తాగుతున్నారు. తప్పు పాఠశాలది కాదు. ఫిల్టరు ఎవరు మార్చాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్న నేనే అడగలేదు, వాళ్లకు చెప్పనూ లేదు. నీటిశుద్ధి గురించి నాకు తెలిసినది ఏమీ లేదు, అట్టపెట్టెల గురించి మాత్రం చాలా తెలుసు.

అప్పటి నుంచి ఏ పని ఎంచుకోవాలన్నా నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను, మీరూ అడగండి. ఈ పనిలో మా వ్యాపారానికి డబ్బుకు మించి ఇవ్వగలిగిన నైపుణ్యం ఏదైనా ఉందా? కనీసం ఐదేళ్లు దీనితో ఉండగలమా? లాభం తగ్గిన ఏడాది కూడా ఇది ఆగకుండా నడుస్తుందా? హోటల్ యజమాని వంటపని నేర్పగలడు, ఆడిటర్ స్వయం సహాయక సంఘాల లెక్కలు సరిచూడగలడు, సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడే వరుసను తగ్గించే పద్ధతి తయారు చేసి, సిబ్బందికి నేర్పి, ఏళ్ల తరబడి మరమ్మతు చూసుకోగలదు.

అందరికీ అందుబాటులో ఉన్న దారి అప్రెంటిస్‌షిప్. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు గరిష్ఠంగా రూ.1,500 వరకు, జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద కేంద్రం భరిస్తుంది. మల్లేపల్లి ఐటీఐ వంటి చోటికి వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. వచ్చిన పిల్లలను టీలు తేవడానికి, ఊడ్చడానికి వాడుకోకుండా ప్రతి ఒక్కరికీ ఒక సీనియర్ మేస్త్రీని గురువుగా అప్పగించి, ఆ మేస్త్రీకి నెలకు కొంత అదనంగా ఇవ్వండి. నేర్పినందుకు తన ఉద్యోగం పోతుందన్న అనుమానం మేస్త్రీలకు సహజంగానే ఉంటుంది, ఆ అదనపు సొమ్ము, మీ మాట కలిసి దానిని తీరుస్తాయి.

మా దగ్గర వినికిడి లోపం ఉన్న ఇద్దరు యువకులు అట్టలు కత్తిరించే విభాగంలో పనిచేస్తున్నారు. దానికోసం మేము చేసిన మార్పు చాలా చిన్నది, సైరన్‌తోపాటు యంత్రం మీద ఎర్రబల్బు బిగించాము, సూచనలను బొమ్మలతో గోడకు అతికించాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలని కూడా చెప్పింది. ఏ పనిని ఎవరు చేయగలరో ముందుగా నిర్ణయించేయకుండా, ఒక్కొక్క పనిని ముక్కలుగా విడదీసి చూడండి. మీరు ఊహించిన దానికంటే ఎక్కువ పనులు ఎక్కువమందికి అందుబాటులో ఉంటాయి.

ఎనిమిదో పని: తోడుగా పనిచేసే సంస్థను పరీక్షించండి

స్వచ్ఛంద సంస్థ ద్వారా పనిచేయాలనుకుంటే పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ నమోదులు, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ సంఖ్య, సీఎస్ఆర్ డబ్బు అయితే దానిని తీసుకోవడానికి కావలసిన సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడిగి చూడండి. తర్వాత వారు పనిచేసే చోటికి వెళ్లి, సంస్థ మనుషులు పక్కన లేకుండా, సేవ పొందుతున్నవారితో మాట్లాడండి. ఇక్కడ దాతలు చేసే ఒక అన్యాయం గురించి చెప్పాలి. పుస్తకాలకు ఇస్తాము, బల్లలకు ఇస్తాము, జీతాలకు మాత్రం ఇవ్వము అనే దాతలే ఎక్కువ. చదువు చెప్పేది బల్ల కాదు కదా, టీచరమ్మ. ఆమెకు సరైన జీతం లేకపోతే ఏడాదిలో ఇద్దరు ముగ్గురు మారిపోతారు, పిల్లలు మళ్లీ మొదటికి వస్తారు. మీ డబ్బులో పెద్దభాగం మనుషుల జీతాలకు వెళితే సంతోషించండి.

తొమ్మిదో పని: లెక్క రాయండి, దాచకుండా చెప్పండి

హైదరాబాద్ వ్యాపార చరిత్రలోని రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలంతో, కోటి రూపాయల విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో నెలకొల్పిన కంటి వైద్యసంస్థ, ఫీజు కట్టగలిగినవారి నుంచి వచ్చే ఆదాయంతో కట్టలేనివారికీ అదే నాణ్యతతో వైద్యం చేసే పద్ధతిని నిలబెట్టింది. ప్రతి ఏడూ దాతల వైపు చూడనవసరం లేని ఏర్పాటు అది. రెండోది 108 అంబులెన్సు సేవ. 2005 ఆగస్టు 15న సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుల చొరవతో హైదరాబాద్‌లో మొదలై ఎన్నో ప్రాణాలు కాపాడింది. 2009 జనవరి 7న సత్యం లెక్కల్లో మోసం జరిగిందని దాని ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకున్నప్పుడు, వేలమంది ఉద్యోగులు, వాటాదారులు నష్టపోయారు. ప్రభుత్వ భాగస్వామ్యం, విడి సంస్థ, కొత్త నిర్వాహకులు ఉన్నందువల్ల అంబులెన్సులు ఆగలేదు. సేవ మంచిదైనంత మాత్రాన లెక్కల తప్పు ఒప్పు కాదని, మంచి సేవను దాని దాత భవిష్యత్తుకు ముడిపెట్టకుండా విడిగా నిలబెట్టాలని ఆ సంఘటన నుంచి నేను గ్రహించాను.

మీరు రాయవలసిన అంకెలు ఎక్కువ అవసరం లేదు. బాకీ తీర్చడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, చేరిన ఆరు నెలల్లో ఎంతమంది పని మానేశారు, ఎన్ని ప్రమాదాలు జరిగాయి, నేర్చుకున్న అప్రెంటిస్‌లలో ఎంతమంది ఏడాది తర్వాత కూడా ఉద్యోగంలో ఉన్నారు, ఈ నాలుగింటిని ఏటా ఏప్రిల్‌లో తెలుగు, హిందీ, ఉర్దూ భాషల్లో నోటీసుబోర్డు మీద పెట్టండి. ఎంతమందికి పంచామన్న అంకె కంటే, పంచినది ఇంకా పనిచేస్తోందా అన్న అంకె ముఖ్యం. సేవ పొందినవారి ముఖాలు ఫోటోల్లో చూపకండి, ముఖ్యంగా పిల్లలవి.

పదో పని: అప్పగింత

మొదలుపెట్టిన రోజే అప్పగించే తేదీని కూడా కాగితం మీద రాసుకోండి. నీటిశుద్ధి యంత్రం విషయంలో మేము తర్వాత చేసినది ఇదే. జిల్లా విద్యాశాఖ అనుమతి తీసుకుని, ప్రధానోపాధ్యాయురాలితో, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాము. ఐదేళ్ల సర్వీసు ఒప్పందానికి డబ్బు ముందే కట్టి, ఫిల్టరు మార్చిన తేదీ రాయడానికి యంత్రం పక్కన ఒక పలక వేలాడదీశాము. ఆ పలక మీద రాసే బాధ్యతను ఎనిమిదో తరగతి పిల్లలు తీసుకున్నారు. మీరు కూడా తాళంచెవులు, బిల్లులు, మెకానిక్ ఫోన్ నంబరు ఉన్న పుస్తకం సంతకం పెట్టించుకుని అప్పగించండి. మీ పేరున్న బోర్డు చిన్నదిగా ఉన్నా పరవాలేదు. మరుసటి ఏడాది జూన్‌లో, బడి తెరిచిన వారంలో, ఎవరికీ చెప్పకుండా వెళ్లి కుళాయి తిప్పి చూడండి.